పెంకు విప్పనివ్వని ఇంటాయన

నా నోరు మంచిది కాదు. ఈ మాట నాతో పనిచేసిన వాళ్ళందరూ అన్నదే. నర్సుగా చేరిన రోజు నుంచీ రిటైరైన రోజు దాకా నా చేతులు తెచ్చిన పేరుని నా నోరు చెడగొడుతూనే వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నన్ను చూడటానికి వస్తుంటారు. "అమ్మా, మీ సర్వీసులో మరిచిపోలేని కాన్పు ఏదండీ?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన బిడ్డల సంగతీ, కవలల సంగతీ, రేవు దాటుతుంటే పడవలోనే అయిపోయిన కాన్పు సంగతీ చెప్పి పంపేస్తుంటాను. చెప్పకుండా దాటేసేది ఒకటుంది. అది ఒక పెంకుటింటి కథ. అందులో తప్పంతా నాది కాబట్టి ఇన్నాళ్ళూ దాటేశాను. ఇప్పుడు నన్ను తిట్టడానికి పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు, చెప్పేస్తాను.

డెబ్భైల చివర్లో నన్ను ముక్తేశ్వరం దగ్గర కాలవ గట్టు మీదున్న ఒక ఊరికి వేశారు. సబ్‌సెంటరంటే గవర్నమెంటు బిల్డింగు ఊహించుకోకండి. ఎవరో ఒకరింట్లో అద్దెకి దిగడమే. ముందు గదిలో సెంటరు, వెనక గదిలో మన కాపురం. మా ఆయన ద్రాక్షారామం అవతల ఒక పల్లెలో బడిపంతులు. శనివారం సాయంత్రం పంటు మీద గోదావరి దాటి వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్ళీ పంటెక్కి వెళ్ళిపోయేవారు.

ఆ ఊళ్ళో ఇల్లు దొరకడమే గగనమైంది. కాన్పుకి నర్సు కావాలి గానీ నర్సుకి ఇల్లివ్వడానికి ఎవరికీ మనసు రాలేదు. నేను ఏ పేట పిల్లనో, ఏ ప్రార్థనకి వెళతానో కనుక్కుని ఒకావిడ "మా అబ్బాయొచ్చేస్తున్నాడండీ" అంది. ఇంకొకాయన నసిగి నసిగి లోపలికెళ్ళి మళ్ళీ బయటకి రాలేదు. మూడో గుమ్మం ఈయనది. అరవై దాటిన కొబ్బరితోట ఆసామి. ఆయనా, భార్యా, ఇద్దరే. పిల్లల్లేరు. వాళ్ళుండే ఇంటి ముందు, అదే దొడ్లో, పాత పెంకుటిల్లొకటి ఖాళీగా ఉంది. తాళం తీసి చూపించి, "నుయ్యి అదిగోనమ్మా. చేద అక్కడే ఉంటాది. మీ చేత్తో మీరే తోడుకోండి" అన్నారు. ఆ రోజుల్లో ఆ ఒక్క ముక్కలో ఏముందో మా పేటవాళ్ళకి తెలుసు. నేను ఆ సాయంత్రమే సామాను తెచ్చి దింపేశాను.

అంత మంచి మనిషీ ఇంటి మరమ్మతు దగ్గరకొచ్చేసరికి ఉలకడు, పలకడు.

మొదటి వానాకాలంలోనే సంగతి తెలిసింది. కాన్పు బల్ల సరిగ్గా ఎక్కడుందో అక్కడే ధార. బల్ల జరిపితే వాన కూడా జరిగేది. పై వాసమొకటి చెదపట్టి పొట్టు పొట్టుగా రాలుతుండేది. ఒకసారి అప్పుడే పుట్టిన పిల్లాడి నుదుటి మీద టపామని చుక్క పడింది. మా ఆయా గడుసుది, నా కంటే పదిహేనేళ్ళు పెద్దది. "ఈడికి బాప్తిస్మం అయిపోయిందండీ, ఇంక అయ్యగారి దగ్గరకి తీసుకెళ్ళక్కర్లేదు" అంది. బల్ల మీద పిల్లాడి తల్లి కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ నీళ్ళలో మసి, ఎలకల కంపు. బొడ్డు కోసిన చోట పడితే?

వెళ్ళి అడిగాను. "బాబాయిగారండీ, కాన్పు బల్ల మీద కారుతోందండీ."

"ఆయ్. ఈ దింపు అవనివ్వండమ్మా."

దింపంటే చెట్ల మీంచి కొబ్బరికాయలు దించడం. నెలన్నరకో రెణ్ణెల్లకో ఒకసారి వస్తుంది. ఆ దింపయింది. మళ్ళీ అడిగాను. "ఆయ్. వచ్చే దింపుకి చూద్దారమ్మా." ఆ వచ్చే దింపు కూడా అయిపోయింది. ఏడాదీ గడిచింది. "ఈయన దింపులయ్యేలోగా మన కొంపే దిగబడిపోద్దండీ" అనేది ఆయా. అదే మనిషి తన గొడ్లపాకకి మాత్రం ఏటేటా కొత్త తాటాకు వేయించేవారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోయేది.

రెండో ఏడు రోహిణి ఎండల్లో నేను ఇంక ఊరుకోలేదు. రోజూ పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో నిలబడి గుడ్ మార్నింగులా అదే పాట పాడాను. చివరికి ఒక రోజు బండి మీద పెంకులొచ్చి దొడ్లో దిగాయి. రెండు టేకు వాసాలు కూడా తెప్పించారు. నేను గెలిచానని ఆయాకి చెప్పుకుని మురిసిపోయాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అప్పుడు నాకు మూడో నెల. ఎవరికీ చెప్పలేదు. అంతకు ముందు రెండుసార్లు నిలిచి, రెండుసార్లూ నాలుగో నెలలో పోయింది. రెండుసార్లూ మా ఆయన మొహం చూశాను. మూడోసారి చూడలేననుకుని ఆయనకి కూడా చెప్పలేదు. "మూడో నెల రాగానే నా రిజిస్టర్లో పేరు రాయించుకోండమ్మా, దాచుకోకండమ్మా" అని ఊరంతా తిరిగి చెప్పే మనిషిని నేను. ఆ రిజిస్టర్లో నా పేరు రాయడానికి పెన్ను తీసి, మూత పెట్టేసి, మళ్ళీ దాచేశాను. ఐదో నెల వచ్చేదాకా నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. జీవితంలో నేను నోరు మూసుకున్నది అదొక్కసారే, అదీ తప్పే అయింది.

పనివాళ్ళొచ్చిన రోజు గురువారం. గురువారాలు నా దగ్గరకి గర్భిణీలు చూపించుకోవడానికి వచ్చేవారు. అరుగు మీద ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. సామానంతా వసారాలోకి చేర్పించాను. నిచ్చెన వేశారు. ఒకడు ఎక్కి చూరు మీద చెయ్యి వేశాడు. అప్పుడు వెనక ఇంట్లోంచి ఆయన పంచె ఎగ్గట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చారు.

"దిగరా! ముట్టుకోకు! దిగు ముందు!"

వాడు బిత్తరపోయి దిగాడు. ఆయనే నిచ్చెన పట్టుకుని లాగి కింద పడుకోబెట్టేశారు. ఒగురుస్తున్నారు.

"ఏమైందండీ బాబాయిగారూ?" అన్నాను.

"ఇవాళ కాదమ్మా."

"మరెప్పుడండీ? వానలొచ్చేస్తున్నాయి!"

ఆయన నా మొహం చూడలేదు. అరుగు మీదున్న ఆడవాళ్ళ వైపు చూశారు, నేల వైపు చూశారు. "ఓ ఆర్నెల్లు పోనివ్వండమ్మా. ఏడు నెల్లనుకోండి."

ఆ లెక్క వినగానే నాకు వెలగాలి. నెలలు లెక్కపెట్టడమే నా ఉద్యోగం. వెలగలేదు సరిగదా, అరికాలి మంట నెత్తికెక్కింది. పనివాళ్ళ ముందు, ఆడవాళ్ళందరి ముందు నోటికొచ్చినట్టల్లా అనేశాను. "మీ గొడ్లకి ఏటేటా కొత్త పాక కావాలి, ఆడవాళ్ళు పురుడు పోసుకునే చోట మాత్రం మురికినీళ్ళు కారాలి! పిల్లలున్న వాళ్ళకి తెలుస్తుంది గానీ మీకేం తెలుస్తుందండీ!" అన్నాను.

ఆ చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆయన తలొంచుకుని, "ఆయ్" అన్నారు. పనివాళ్ళకి కూలి సగం కాదు, రోజంతటిదీ ఇచ్చి పంపించేసి, లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఇల్లిచ్చింది ఆ ఊళ్ళో ఆయనొక్కడేనన్న సంగతి ఆ రోజు నాకు గుర్తే రాలేదు.

అనేసి ఊరుకున్నానా? అదే రోజు పెద్దాసుపత్రి డాక్టరుగారికి రిపోర్టు రాసి పంపించాను. యజమాని మొండివాడనీ, సెంటరు మనుషులుండటానికి పనికిరాదనీ.

తొలకరి పడుతుండగా డాక్టరుగారు జీపులో వచ్చారు. కుర్రాయన, మంచివాడే, కొంచెం తొందర మనిషి. ఇంటాయన్ని పిలిపించి వసారాలో నిలబెట్టి అడిగారు.

"పెంకులు తెచ్చుకున్నారు కదా, ఎందుకు వేయించలేదు?"

"నా అశ్రద్ధేనండి."

"పనివాళ్ళు దొరకలేదా?"

"దొరికేరండి."

"మరి అడ్డమేంటి?"

"నా అశ్రద్ధేనండి బాబూ, రాసుకోండి."

డాక్టరుగారు రాసుకున్నారు. "అయితే సెంటరు పక్క ఊరికి మార్చేస్తాం. అక్కడ డాబా ఇల్లు ఖాళీగా ఉంది, వచ్చే నెల్లోనే" అన్నారు. అప్పటిదాకా తలెత్తని మనిషి తలెత్తారు. "మార్చుకోండి బాబూ, కాదనను. ఇప్పుడు మాత్రం వద్దు. ఈ ఏడాది వెళ్ళాక మార్చుకోండి. ఇప్పుడు ఆవిడ చేత సామాను మోయించకండి, మీకు దణ్ణం పెడతాను" అని నిజంగానే చేతులెత్తారు.

"చూశారా సార్! బాగు చేయించరు, వెళ్ళనివ్వరు!" అన్నాను నేను. డాక్టరుగారు నవ్వి జీపెక్కారు. ఆయా నవ్వలేదు. నా వైపు ఒక రకంగా చూసి, చీపురు పుచ్చుకుని లోపలికెళ్ళిపోయింది. అదీ నాకు అర్థం కాలేదు.

వానలు పట్టుకున్నాయి. ఇంటాయన మా ఇంటి పై కప్పు మీద తాటాకు చాపలు పరిపించి, మోకులు వేసి చూర్లకి కట్టించారు. ఒక్క పెంకు కదపకూడదని పనివాడికి పదిసార్లు చెప్పారు. లోపల నా మంచం పైన గోడ నుంచి గోడకి ఈతచాప కట్టించి, ఒక పక్కకి వాలు పెట్టి, ఆ చివర గంగాళం పెట్టించారు. నీళ్ళన్నీ అందులో పడేవి. పొద్దున్నే ఆయనే వచ్చి గంగాళం ఎత్తి పారబోసేవారు. నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. ఇంత పాటుపడేవాడు ఒక్క రోజు పెంకు సర్దిస్తే పోయేది కదా, మొండితనం కాకపోతే, అని పళ్ళు నూరుకునేదాన్ని.

ఐదో నెల వచ్చింది. కడుపులో మొదటిసారి కదలిక తెలిసింది. ఇంక ఆగలేకపోయాను. మా ఆయన రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఆ మధ్యాహ్నం వాన కొంచెం తెరిపిచ్చింది. వెనక ఇంటి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. ఆయనతో మాటల్లేకపోయినా భార్యతో ఉన్నాయి. ఆవిడ పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతున్నారు.

"పిన్నిగారూ, మీకొక మాట చెప్పాలండీ. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"ఐదో నెలొచ్చిందిగా, ఇంక చెప్పుకోవచ్చులే తల్లీ" అన్నారావిడ, కోరడం ఆపకుండానే.

"మీకెలా తెలుసండీ?"

"నాకు ఆయన చెప్పేరు. నువ్వు రోజూ ఆ బోదె ఒక్క అంగలో దాటేసేదానివంట. ఓ రోజు నుంచీ చుట్టూ తిరిగి దాని మీదేసిన చెక్కబల్ల మీంచి వెళ్తున్నావంట. చేద కూడా ఆయా చేత తోడిస్తున్నావంట. 'ఒకసారి కనిపెట్టి చూడవే' అన్నారు. చూసేను. పనివాళ్ళొచ్చిన రోజు పొద్దున్నే నువ్వు నూతి దగ్గర కక్కుకుంటుంటే చూసి, వచ్చి ఆయనకి చెప్పేను. అప్పుడు కదా అలా పరిగెత్తేరు."

బోదె అంటే కొబ్బరి వరసల మధ్య నీళ్ళు పారే చిన్న కాలవ. తోటలో ఏ చెట్టుకి ఏ గెల వచ్చిందో చెప్పగలిగే మనిషి, నేను అడుగు మార్చడం చూడడా? చూశాడు. నేను గడప మీద కూర్చుండిపోయాను. కడుపుతో ఉన్న మనిషి నిద్రపోయే ఇంటికి పెంకు విప్పకూడదు, గునపం దించకూడదు, బిడ్డకి కీడంటారు. ఈ మాట నేను ఎరగనిదేం కాదు. మా అమ్మ కూడా అనేది. నేను నర్సు చదువు చదివి దాన్ని మరిచిపోయాను.

"మరి అంతలా తిడితే ఆ మాటే చెప్పొచ్చు కదండీ!"

"నువ్వు ఎవరికీ చెప్పుకోలేదుగా తల్లీ. నీ కడుపు సంగతి నడివాకిట్లో పదిమందికీ ఆయనెలా చెప్తారు?"

అప్పుడు ఆవిడ కోరాం పక్కన పెట్టారు. ముప్పై నాలుగేళ్ళ కిందట వాళ్ళు కాపురం పెట్టింది నేనుంటున్న ఆ పెంకుటింట్లోనేనట. ఆవిడకి ఏడో నెల. మంచం మీద కారుతోందని ఆవిడే పోరు పెట్టారట. అత్తగారు వద్దంటున్నా వినకుండా ఆయనే నిచ్చెనెక్కి పెంకు విప్పారట. పదో రోజున బిడ్డ పోయాడు. మళ్ళీ నిలవలేదు.

"నేను ఏడ్చేను, ఊరుకున్నాను. ఆయన ఏడవలేదమ్మా. ఇంక ఆ ఇంటి మీద నిచ్చెన వెయ్యలేదు. నువ్వడిగేవని ఎన్నాళ్ళకో మనసు రాయి చేసుకుని పెంకులు తెప్పించేరు."

నేను అడిగాను, నర్సు బుద్ధి పోదు కదా. "అప్పుడు కాళ్ళు నీరు పట్టాయా పిన్నిగారూ? మొహం వాచిందా? ఫిట్స్ లాంటివొచ్చాయా?" "అన్నీ వచ్చేయి తల్లీ" అన్నారు. నాకు తెలిసిపోయింది. దానికీ పెంకుకీ ఏ సంబంధమూ లేదు. ఒక మనిషి చెయ్యని తప్పుని ముప్పై నాలుగేళ్ళు మోశాడు. "పిల్లలున్న వాళ్ళకి తెలుస్తుంది" అని నేను దాని మీద ఇంకో బండ పెట్టాను.

ఆయన పశువుల పాక దగ్గర ఉన్నారు. వెళ్ళి కాళ్ళ మీద పడబోయాను. "అయ్యయ్యో, వంగకండమ్మా!" అని వెనక్కి గెంతారు.

"బాబాయిగారూ, నన్ను క్షమించండి. అందరి ముందూ అంత మాటన్నాను."

"మంచిదే అయిందమ్మా. మీరు తిట్టేరు కాబట్టి ఎందుకాపేవని ఊళ్ళో ఒక్కడూ నన్నడగలేదు. అడిగితే డాక్టరుబాబుకి చెప్పినట్టే అందరికీ అబద్ధం చెప్పాల్సొచ్చేది."

నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ముక్కు చీదుకుని, నాకు చేతనైంది ఒక్కటే చేశాను. అది రక్తపోటు వల్ల వచ్చే జబ్బనీ, పెంకు విప్పినా విప్పకపోయినా ఆ రోజుల్లో ఈ ఊళ్ళో దాన్ని ఆపగలిగేవాళ్ళు లేరనీ, ఆయన తప్పు ఇసుమంత కూడా లేదనీ విడమరిచి చెప్పాను. ఆయన ఆవు మెడ మీద చెయ్యి వేసి ఆసాంతం విన్నారు.

"ఆయ్. మీరు చదువుకున్నవారు. నిజమే అయ్యుంటాది" అన్నారు. ఆవు మెడ నిమిరి, "అయినా మీ కాన్పయ్యాకే విప్పుదారమ్మా" అన్నారు.

మర్నాడు బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళాను. సెంటరు మార్చే ఆర్డరు టైపవుతోంది. డాక్టరుగారి ముందు రిజిస్టరు తెరిచి, ఆయన చూస్తుండగా నా పేరు రాసుకుని, జరిగిందంతా చెప్పాను. ఆయన ముందు నన్ను తిట్టారు, ఐదో నెల దాకా దాచినందుకు. తర్వాత బి.పి. చూశారు. తర్వాత నా రిపోర్టు తెప్పించి, దాని మీద ఎర్ర సిరాతో "యజమాని మరమ్మతుకు ఒప్పుకున్నారు. గడువు: నర్సు కాన్పు తర్వాత" అని రాసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ ఏ బీరువాలోనో ఉండే ఉంటుంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారో!

ఆ వానాకాలమంతా ఆ ఇల్లు కారుతూనే ఉంది. సెంటరుకొచ్చే కాన్పుల్ని పిన్నిగారు తమ ఇంటి వసారాలో చేయించారు, ఒక్కదానికీ వద్దనలేదు. ఆయా నాతో మాత్రం, "నాకు రెండో నెల్లోనే తెలుసండీ, మీరే పెద్ద దాచుకున్నారు" అంది.

మార్గశిరంలో నాకు ఆడపిల్ల పుట్టింది. ఆయా చేతుల్లోనే పుట్టింది.

ఇరవయ్యొకటో రోజు వెళ్ళాక, ఒక పొద్దున్న పనివాళ్ళొచ్చారు. దొడ్లో పడున్న నిచ్చెన మళ్ళీ లేచింది. నేను పిల్లనెత్తుకుని పిన్నిగారితో వెనక ఇంటి వాకిట్లో నిలబడ్డాను. పనివాడు ఎక్కబోతే ఇంటాయన ఆపి, తనే పంచె ఎగ్గట్టారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయారు. ఆగిన మనిషి అలాగే ఉండిపోయారు. పిన్నిగారు నా పక్క నుంచి వెళ్ళి, రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, "ఎక్కండి. నేను పట్టుకున్నాను" అన్నారు.

ఎక్కారు. ఒక పెంకు విప్పి చేత్తో పట్టుకుని, మా వైపు తిరిగి కేకేశారు.

"నర్సమ్మగారూ! పిల్ల ఎలా ఉందండీ?"

"బాగుందండీ బాబాయిగారూ!" అని పిల్లని రెండు చేతులా పైకెత్తి చూపించాను.

ఆ పెంకు కిందకి అందించి, ఇంకోటి విప్పారు. "పిల్ల ఎలా ఉందండీ?" పనివాళ్ళు నవ్వడం మొదలెట్టారు. ఆయన పట్టించుకోలేదు. వరస వరసకీ ఆగి, ఇటు తిరిగి అడిగారు. పొద్దు వాలేసరికి పాత పెంకంతా దిగింది, కొత్త వాసాలు పడ్డాయి. నా చేతులు లాగేస్తున్నాయి. అయినా ఆయన అడిగినన్నిసార్లూ పిల్లని ఎత్తి చూపిస్తూనే ఉన్నాను.